కత్తెర చప్పుడు లేని కాపీ

మా తమ్ముణ్ని అందరూ డబ్బా అంటారు. పాటల కవర్ల మీద కూడా అదే పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు నాకూ బ్యాంకువాళ్లకూ తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చిన్నప్పుడు చేతికి దొరికిన ప్రతి డబ్బా మీదా దరువేసేవాడు. పప్పు డబ్బా, పౌడరు డబ్బా, ఆఖరికి నా సూదులూ దారాల డబ్బా. చదువుకోమంటే డబ్బా మీద పుస్తకం పెట్టి పుస్తకం మీద కొట్టేవాడు, చప్పుడు మారుతుందని. ఇప్పుడు ఆ పనికే వాడిని పిలిచి ఇంటర్వ్యూలు తీసుకుంటున్నారు. అప్పట్లో మేమంతా వాడి చేతులు కట్టేద్దామనుకున్నవాళ్లమే.

వాడిది హిప్ హాప్. అందులో పాడటం తక్కువ, మాట్లాడటం ఎక్కువ. దరువునూ దాని కింద నడిచే సంగీతాన్నీ కలిపి బీట్ అంటారు. బీట్ తయారుచేసి, మాటలవాణ్ని మైకు ముందు నిలబెట్టి, నచ్చేదాకా చెప్పించి, అంతా కలిపి పాటగా బయటికి పంపేవాడు ప్రొడ్యూసర్. సినిమా ప్రొడ్యూసర్ లాంటివాడనుకుని మా చుట్టాల్లో ఒకాయన అప్పు అడగడానికి కూడా వచ్చాడు. తమ్ముడి చెప్పులు చూసి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

నాది బట్టలు కుట్టే షాపు. కింద షాపు, పైన ఇల్లు, వెనకాల బట్ట తానులు పెట్టుకునే గది. స్పీకర్లు బాగుచేసే కొట్లో పనిచేస్తున్న రోజుల్లో తమ్ముడు ఒకసారి ఆ గదిలోకి వెళ్లి చప్పట్లు కొట్టి, మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు. 'అక్కా, ఇక్కడ చప్పుడు తిరిగి రావట్లేదే' అన్నాడు. మూడువైపులా తానులుంటే ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ వారమే పాత కంప్యూటరూ మైకూ తెచ్చి నా తానుల మధ్య పెట్టాడు. నేను అరిచాను, వాడు వినలేదు. చెవులతో బతికేవాడికి అక్క అరుపు మాత్రం వినపడదు.

ఆ మైకు ముందు మొదట నిలబడినవాడు బొంగురు. తమ్ముడికి చిన్ననాటి స్నేహితుడు. గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది. స్కూల్లో పాటల టీచరు వాణ్ని వెనక వరసలో నిలబెట్టి పెదాలు మాత్రం ఆడించమనేదట. తమ్ముడు వాణ్ని పాడనివ్వలేదు. 'నీ మామయ్యతో గొడవపడ్డావు కదా, అది నాకు చెప్పు' అన్నాడు. వాడు చెప్పాడు. 'ఇప్పుడు దరువు మీద చెప్పు' అన్నాడు. తలుపు అవతల గుండీలు కుడుతున్న నాకు చేతిలో సూది ఆగిపోయింది. ఎప్పుడూ మా ఇంట్లో అన్నం తిని కంచం కడిగి వెళ్లే పిల్లవాడేనా వీడు అనిపించింది.

ఆ పాట బస్సుల్లో వినపడింది, కాలేజీ గోడల దగ్గర వినపడింది. దాని వెనకాల ఇంకో నాలుగైదు వచ్చాయి. ఒక పాటల కంపెనీ కబురు పెట్టింది. అక్కడ పాటలు ఎంచే ఆవిడ నల్లద్దాలు తీయకుండానే మాట్లాడేది. నాకు ఆవిడంటే మొదటిరోజే గిట్టలేదు. నేను అనుమానపు మనిషిని, ఒప్పుకుంటాను. కుట్టుషాపు నడిపితే ఎవరైనా అంతే అవుతారు. ఒళ్లు చేసిన ప్రతి మనిషీ వచ్చి కొలతలు మీరే తప్పు తీశారంటుంటే ఎవరినని నమ్మడం? కానీ తమ్ముడు అలాంటివాడు కాదు. అడిగినవాడికి బీట్ వినిపించేవాడు, తలుపు బార్లా తీసి ఉంచేవాడు.

తమ్ముడూ బొంగురూ కలిసి మొదటి ఆల్బం మొదలుపెట్టారు. వాళ్ల బతుకంతా దాని మీదే ఉంది. తమ్ముడు స్పీకర్ల కొట్లో పని మానేశాడు, బొంగురు తన మామయ్య టైర్ల షాపుకి వెళ్లడం మానేశాడు. సరిగ్గా అప్పుడే, ఆల్బం కోసం దాచిన ఒక బీట్ ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడి పాటలో వినపడింది. దరువు అదే, కింద మోగే సంగీతం అదే, మాటలు మాత్రం వేరు. తమ్ముడు ఆరోజు అన్నం ముట్టలేదు. కొన్నాళ్లకు ఇంకొకటి పోయింది.

అక్కణ్నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. తానుల గదికి తాళం పడింది. నా సొంత బట్ట కోసం నేను తలుపు కొట్టి నిలబడాలి. కంప్యూటరు తెర ఎవరికీ కనపడకుండా గోడవైపు తిప్పాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లను గేటు దాకా చూపులతో సాగనంపేవాడు. ఒకరోజు నేను కాజాలు కుడుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే వెనకనుంచి వచ్చి, 'ఇది నీకెక్కడిది?' అన్నాడు.

'నీ గదిలోంచే వస్తుంటే చెవులు మూసుకుని కుట్టాలా?' అన్నాను.

'ఎవరి ముందైనా పాడావా?'

నాకు ఒళ్లు మండింది. టేపు తీసి వాడి మెడకు వేద్దామనిపించింది. కానీ వాడి కళ్ల కింద నలుపు చూసి ఊరుకున్నాను.

వాడి బీట్ బయటికి వెళ్లేది ముగ్గురి దగ్గరికే. మాటలు రాసుకోవడానికి బొంగురుకి. విని సరేననడానికి కంపెనీ ఆవిడకి. మూడోవాడు మిక్సింగ్ మాస్టారు. చప్పుళ్లన్నిటికీ పాళ్లు కుదిర్చి, ఏది ముందుండాలో ఏది వెనకుండాలో సరిచేయడం ఆయన పని. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు, చొక్కా మీద చిన్న మడత ఉన్నా సహించడు. నా దగ్గర కుట్టించుకున్న చొక్కాకి లోపలివైపు వేలాడిన దారం పోగు చూపించడానికే ఒకసారి మళ్లీ వచ్చాడు. నా అనుమానమంతా నల్లద్దాల ఆవిడ మీదే ఉండేది.

తమ్ముడు ఒక ఎత్తు వేశాడు. కొత్త బీట్ ఒకటి కట్టి, షాపులోకొచ్చి నా కత్తెర అడిగాడు. మైకు ముందు దాన్ని ఆడించాడు. మాస్టారికి వెళ్లే కాపీలో ఒకచోట, డ్రమ్ము దెబ్బ వెనకాల, ఒక్క కత్తెర చప్పుడు దాచాడు. ఆవిడకి వెళ్లేదాంట్లో రెండు. వెతికితే తప్ప దొరకనంత సన్నగా పెట్టాడు. 'నా చెవికి తప్ప ఎవరికీ చిక్కదక్కా. ఈసారి బయటికొస్తే కత్తెర లెక్కపెడితే చాలు, దొంగ దొరుకుతాడు' అన్నాడు.

'మరి బొంగురుకి ఎన్ని?' అన్నాను.

నావైపు అదోలా చూశాడు. 'వాడికెందుకే? వాడికి మామూలుదే పంపుతా.'

ఆ మాటకు నాకు సంతోషం వేసింది. ఇంతలా మారిపోయినా వీడిలో కొంచెం పాతవాడు మిగిలే ఉన్నాడనుకున్నాను.

బీట్ బయటికొచ్చింది. ఈసారి ఇంకెవరి పాటలోనో. తమ్ముడు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ విన్నాడు. తర్వాత నా చెవులకు పెట్టాడు. ఎక్కడ వెతకాలో వేలితో చూపించాడు. నా కత్తెర నాకు తెలియదా? అది అందులో లేదు. ఒకటీ లేదు, రెండూ లేవు. కత్తెర లేని కాపీ ఒకే ఒక్కడి దగ్గర ఉంది.

'వాణ్ని పిలిచి అడుగు' అన్నాను.

'అడిగితే లేదంటాడు. ఎవడైనా అంతే కదా' అన్నాడు. ఆ మాట నేను నా షాపులో రోజూ అనే మాటే. వాడి నోట వింటే భయమేసింది.

బొంగురు సాయంత్రం ఎప్పటిలాగే వచ్చాడు. కొత్త మాటలు రాసుకొచ్చానని హుషారుగా ఉన్నాడు. తమ్ముడు కుర్చీలోంచి లేవలేదు.

'ఎవరికిచ్చావురా?'

'ఏంటి?'

'బీట్.'

'నేనెవరికిస్తాను? ఎవరన్నారు?'

'ఎవరూ అనక్కర్లేదు. అందరి కాపీల్లో కత్తెర ఉంది. నీదాంట్లోనే లేదు. బయటికొచ్చినదాంట్లోనూ లేదు.'

బొంగురుకి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తమ్ముణ్ని వదిలి నావైపు తిరిగాడు. 'అక్కా, నువ్వూ అలాగే అనుకుంటున్నావా?'

లేదురా అనడానికి నోరు రాలేదు, కత్తెర లేదని నా చెవులతో నేనే విన్నాను. వాడు రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒట్టు పెట్టుకోలేదు, అరవలేదు. నిజమైన దొంగ కాబట్టే నోరెత్తలేదన్నాడు తమ్ముడు. నేనూ కాదనలేదు.

ఆల్బం ఆగిపోయింది. బొంగురు టైర్ల షాపుకి తిరిగి వెళ్లాడని తెలిసింది. తమ్ముడికి మాత్రం పని పెరిగింది. పెద్ద గొంతులవాళ్లు మా షాపు మెట్లెక్కి వచ్చేవారు. పేరొచ్చింది, మంచి చెప్పులు కొన్నాడు. కానీ ఆ పాటలు వింటే నాకు సూది ఆగేది కాదు. ఎవరి చేతా ఇంట్లో గొడవ చెప్పించలేకపోయాడు. చెప్పించాలంటే ఎదుటివాడు తలుపు వేసుకుని మనసు విప్పాలి, వీడేమో వాడి జేబులవైపు చూస్తుంటాడు. కుదిరే పనేనా?

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం మాస్టారి గదికి వెళ్లాడు, వేరే పాట పని మీద. నేనూ వెంట వెళ్లాను, ఆయన చొక్కాలు ఇవ్వాల్సి ఉండి. ఆయన మంచి ఊపులో ఉన్నాడు. తన పనితనం చెప్పుకుంటూ తమ్ముడి భుజం తట్టాడు.

'మీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, మీ గది బయట ఏదో చప్పుళ్లవుతుంటాయి బాబూ. ఆమధ్య మీరిచ్చిన ఒక బీట్‌లో, డ్రమ్ము వెనకాల సన్నటి టిక్కు. వేరే ఎవరైనా అయితే వదిలేసేవారు. నేను గంట కూర్చుని తుడిచేశాను. అలాంటిది ఉంటే నాకు అన్నం సయించదు.'

చేతిలోని చొక్కాల మూట నాకు బరువెక్కింది. దారం పోగు కోసం మళ్లీ వచ్చిన మనిషి, పాటలో చప్పుడు ఉంటే ఊరుకుంటాడా? ఆ ముక్క నాకెందుకు తట్టలేదు?

'తుడిచాక ఎవరికిచ్చారు?' అన్నాడు తమ్ముడు.

మాస్టారు దాచలేదు కూడా. 'వచ్చేపోయే పిల్లలకి మన పని వినిపిస్తుంటాం. ఒకరిద్దరు అడిగారు, ఇచ్చాను. మీరు ఇన్ని చేస్తారు, ఒకటి పోతే ఏమైందిలే అనుకున్నాను' అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని. ఆయన్ని తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి, కొన్ని అన్నాను కూడా. తమ్ముడికి అవేవీ వినపడలేదు. అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు.

టైర్ల షాపులో బొంగురు నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, చేతులు తుడుచుకుని, నాకు స్టూలు వేశాడు. తమ్ముడు నిలబడే అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నేను వాణ్ని అలా చూడటం అమ్మ పోయిన తర్వాత అదే మొదటిసారి.

బొంగురు అంతా విని ఒకటే అడిగాడు. 'వాళ్లిద్దరికీ కత్తెర పెట్టి, నాకెందుకు పెట్టలేదురా?'

'నీకెందుకు పెడతాన్రా? నువ్వు కాబట్టే పెట్టలేదు.'

బొంగురు తల ఊపాడు. ట్యూబు నీళ్లలోంచి తీసి పక్కన పెట్టాడు. 'వస్తాను. ఆల్బం పూర్తిచేద్దాం. మాటలు అలాగే ఉన్నాయి, పారేయలేదు.'

నాకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు వాడి నల్లబడిన చెయ్యి పట్టుకున్నాడు.

'కానీ ఈసారి నాకిచ్చేదాంట్లో కూడా కత్తెర పెట్టు' అన్నాడు బొంగురు.

'వద్దురా. చచ్చినా పెట్టను.'

'పెట్టరా. రేపు మళ్లీ ఒకటి బయటికొస్తుంది. అప్పుడు నువ్వు నన్ను అడగవు, అక్క నీకు అడ్డు చెప్పదు. నా తరఫున మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా.'

గొంతులో కోపం లేదు. కొంచెమైనా ఉంటే బాగుండుననిపించింది. ఇద్దరం కలిసి వాణ్ని ఎలాంటి మాట అనేలా చేశామో అప్పుడు తెలిసి, స్టూలు మీద తల వంచుకుని కూర్చుండిపోయాను.

మర్నాడు వాళ్లిద్దరూ తానుల గదిలో ఉన్నారు. తమ్ముడు మైకు ముందు కత్తెర పట్టుకుని ఎంతకీ ఆడించలేకపోతుంటే, బొంగురే వాడి చెయ్యి పట్టుకుని ఆడించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, తన గుర్తు సరిగా పడిందో లేదో శ్రద్ధగా విన్నాడు.

'ఇంకొంచెం గట్టిగా పెట్టరా. నాది ఎవరూ తుడవకుండా ఉండాలి' అన్నాడు.

తమ్ముడు గట్టిగా పెట్టాడు.