కణతకు తగలని కళ్ళజోడు

కళ్ళజోళ్ళ కొట్టాయన్ని వీధంతా బిగింపు మేస్త్రి అనేది. వేడి ఉప్పు పళ్ళెంలో, చెవికి తగిలించే కాడను మెత్తబరిచి, వంచి తొడిగాడంటే, పిల్లిమొగ్గలేసినా జోడు ముక్కు దిగేది కాదు. ముప్పై ఏళ్ళు ఆ గొప్ప చెప్పుకుని తిరిగాడు. తీరా సొంత అక్క దగ్గరికొచ్చేసరికి ఆ విద్యే అడ్డం పడింది.

అక్క దర్జీలకు కాజాలు కుట్టే మనిషి. ఉన్నట్టుండి చెయ్యి తిమ్మిరెక్కేది, మాట తడబడేది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నబడిపోయాయన్నారు. డాక్టరమ్మ కుడి చెవి ముందు నుంచి నెత్తి తోలుకు పోయే నాళాన్ని మళ్ళించి, పుర్రెకు కిటికీ కోసి, మెదడు మీది నాళానికి కలిపి కుట్టింది.

"వెంట్రుక కన్నా సన్నదారం. పది కుట్లు," అంది.

"పదేనా? నా కాజాకే ఇరవై పడతాయి!" అంది అక్క.

తమ్ముడికి ఆరా ఎక్కువ. "ఇది కొత్త వైద్యమా అమ్మా?"

"మొదలై యాభై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు నాళం మూసుకుపోయిన వాళ్ళందరికీ చేద్దామనుకున్నారు. పరీక్షించి చూస్తే చాలామందికి మందులే మేలని తేలింది. ఇప్పుడు ఈవిడకొచ్చినలాంటి జబ్బుకీ, మామూలు పద్ధతులకు లొంగని నాళాల ఉబ్బులకీ చేస్తున్నాం. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ కణత మీద ఏదీ నొక్కకూడదు. మళ్ళించిన నాళం దీని కిందే ఉంది, నొక్కితే మెదడుకు రక్తం అందదు."

జోడు లేకపోతే అక్కకు సూది బెజ్జమే కనపడదు. సూది వదిలితే ఆవిడ వారం బతకదు, ఊళ్ళో వాళ్ళందర్నీ తిట్టి తిట్టి చంపుతుంది.

మళ్ళీ చూపించుకునే రోజున తమ్ముడు కొత్త జోడు పట్టుకెళ్ళాడు. చేతి అలవాటు, బిగించే తొడిగాడు. డాక్టరమ్మ అతని వేలు పట్టి, కాడకు కాస్త పైన అక్క కణత మీద పెట్టింది. నాడి అందీ అందనట్టుంది. చటుక్కున జోడు లాగేశాడు. వేలి కింద మళ్ళీ టక్కు టక్కుమంది.

కొట్టుకి వెళ్ళి, కొత్తగా వంచబోయి మూడు కాడలు విరగ్గొట్టాడు. నాలుగోదాన్ని కణత దగ్గర బయటికి విల్లులా వంచి, చెవి వెనక మాత్రమే ఆనేలా చేశాడు. మర్నాడు డాక్టరమ్మ ఎదుటే తొడిగాడు.

"ఒరేయ్, చెవికి కొడవలి తగిలించావేంట్రా?"

"కదలకే అక్కా!"

వేలు పెట్టాడు. నాడి నిక్షేపంగా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ కూడా చూసి తలూపింది. అక్క సంచీలోంచి సూది తీసి, ఒక్క విసురులో దారం ఎక్కించింది. గుడ్డ మీదకి వంగేసరికి జోడు ముక్కు చివరికి జారింది.

"చూశావా, బిగింపు మేస్త్రి జోడు జారింది!"

కాడ సరిచేయడానికి అలవాటుగా లేచిన చేతిని అతను వెనక్కి తీసుకున్నాడు.

"జారనీవే అక్కా. పైకి తోసుకో."