హాజరు పట్టీలో వేలిముద్ర

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి చాయ్ పెట్టుకోవడానికి పోయే మనిషిని నేను. చిన్నప్పుడు మా స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల పక్కన ఏదో తెల్లగా కదులుతోందని పిల్లలంతా జడుసుకుంటే, ఒక్కదాన్నే పోయి చూసొచ్చాను. మేకపిల్ల. తర్వాత పెద్దయ్యాక ప్రజారోగ్యంలో పరిశోధనకు చేరాను. ఆధారం లేని మాట చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఇది చదివి 'ఈమెకు మతి పోయింది' అనుకునేవాళ్లు అనుకోండి, నాకేం పట్టింపు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సాయుధ పోరాటం రోజుల్లో, డాక్టరు మొహం చూడని పల్లెల్లో, గాయపడ్డవాళ్లకు వైద్యం ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది నా పరిశోధన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఊళ్లు పట్టుకుని రెండేళ్లు తిరిగాను. అప్పటివాళ్లు ఎందరని మిగులుతారు? దొరికిన కొద్దిమందిలో ఒక ముసలామె ఉంది. నర్సింహులపేట అవతల ఊరు. ఆమె పేరు ఇక్కడ కూడా రాయను. అవ్వ అంటాను.

పోరాటం నాటికి అవ్వకు పన్నెండో పదమూడో. అడవి అంచున ఒక గుడిసెలో దాచిన ముగ్గురు దళం మనుషులకు పుండ్లు కడిగేది. పాత చీరలు చింపి, ఉడకబెట్టి, కట్లు కట్టేది. జనగామ నుంచి ఎవరో రహస్యంగా చేరవేసిన ఒకే ఒక్క టింక్చర్ సీసా ఉండేదట.

"ఎప్పుడు జూసినా చేతి ఏళ్లు గోధుమ రంగే బిడ్డా. బువ్వ తింటె సుత గదే వాసన" అని నవ్వేది.

ఆ ముగ్గురినీ రజాకార్లు గుడిసెలోనే కాల్చి చంపారు. ఊళ్లో వాళ్ల పేర్లతో స్తూపం ఉంది. ఏటా దానికి మొదటి దండ అవ్వే వేస్తుంది. ఆ ఊళ్లో ఆమెకున్న గౌరవమంతా ఆ దండే.

నేను నాలుగోసారి పోయినప్పుడు, కోడలు చేనుకు పోయేదాకా ఆగి, తలుపు దగ్గరికి వేయమంది. రికార్డర్ నడుస్తూనే ఉంది.

"గుడిసె సూపించింది నేనే బిడ్డా."

నాకు ముందు అర్థం కాలేదు.

"మా అమ్మను గుంజకు కట్టేసి కొట్టిన్రు. నెత్తురు కారుతాంది. నేను నోరు తెర్వలె. గీ ఏలు పెట్టి సూపిన. గంతే."

కుడి చేతి చూపుడు వేలు నా ముందుకు పెట్టింది. దాని కొస మీద అడ్డంగా పాత గాటు. ఆ రోజే కొడవలి తీసుకుని ఆ వేలు తానే కోసుకోబోయిందట, తెగలేదట. కట్టుకున్న మొగుడికి కూడా ఈ మాట చెప్పలేదు. "దండ ఏస్తాంటె చేతులు వణుకుతయి. ముసల్ది అయిందనుకుంటరు అందరు" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పరిశోధకులు ఏడవకూడదని మాకు చెబుతారు.

వివరాలు చెప్పిన ప్రతి మనిషి దగ్గరా, వాటిని వాడుకోవచ్చని ఒప్పుకోలు పత్రం తీసుకోవాలి. కళ్లు తుడుచుకుని బయటికి తీశాను. అవ్వ దాన్ని పక్కకు నెట్టేసింది.

"ఏలు పెడితె దొర కాయితం. పేరు రాస్తె పోలీసు కాయితం. రెండూ జూసిన. నాకొద్దు. చేతుల చెయ్యెయ్యి."

వేశాను.

"నా పేరు పెట్టకు. నేను సచ్చినంక సుత పెట్టకు. స్తూపం కాడ నన్ను మంచిగ తలుసుకునేటోల్లను తలుసుకోనియ్యి."

సరేనన్నాను. ఆ ఊళ్లలో ఎంత పెద్ద పంచాయితీ అయినా అట్లాగే తెగుతుంది. చేతిలో చెయ్యేశాక మళ్లీ మాట ఉండదు. అది కాగితం కంటే గట్టిదని నేనూ నమ్మాను.

మూడు నెలలకు మా విశ్వవిద్యాలయంలో ఆరోగ్య పరిశోధన సదస్సు పెట్టారు. రెండు రోజులు. మొదటి రోజంతా పరిశోధకులకు శిక్షణ తరగతులు. పేపర్ ఎట్లా రాయాలి, స్లైడ్లు ఎట్లా చేయాలి, సాయంత్రం చివరి గంట పరిశోధనలో నీతి. పొద్దున రాత తరగతి నడిపింది మా గైడే. సొంత సమాచారం మీదే అభ్యాసం చేయిస్తానని, అందరినీ తెచ్చి ఇమ్మన్నారు. నా పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. రికార్డింగులు, ఫొటోలు, పేర్లకు బదులు వాడే నంబర్లలో ఏది ఎవరిదో రాసుకున్న పట్టిక, అన్నీ అందులోనే. ఆ పట్టిక తీసేసి ఇవ్వాలన్న బుద్ధి ఉండొద్దా నాకు? కానీ సార్ మీద అనుమానమా! మా నాయిన పోయినప్పుడు బస్సెక్కి ఊరికొచ్చి, సాయంత్రం దాకా చాప మీద మా పక్కనే కూర్చున్న మనిషి.

రెండో రోజు నా బస్సు ఆలస్యమైంది. ఎక్కడా ఆగకుండా హాల్లోకి ఉరికి, ముందు వైపు ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. పదకొండింటికి సార్ ప్రసంగం. మూడో స్లైడ్‌లో అవ్వ కనబడింది. నేను తీసిన ఫొటో. కింద పేరు, ఊరు. పైన 'కట్టు కట్టిన చెయ్యే పట్టించింది' అని పెద్ద అక్షరాల్లో శీర్షిక. ఆ వెంటనే స్పీకర్లలో ఆమె గొంతు. "గుడిసె సూపించింది నేనే బిడ్డా."

హాలు చప్పట్లు కొట్టింది. నా పేరు ఒక్క స్లైడ్ మీదా లేదు. నా బాధ దాని గురించి కాదని రాయబోయాను. అబద్ధం ఎందుకు, దాని గురించి కూడా.

భోజనాల దగ్గర పట్టుకున్నాను. "సార్, పేరు పెట్టనని మాటిచ్చాను."

"అది ఒప్పుకోలు పత్రంలో రాసుందా అమ్మా?"

"ఆమె కాగితం ముట్టలేదు సార్. చేతిలో చెయ్యేసి..."

సార్ నవ్వారు. "పత్రమే లేనప్పుడు షరతు ఎక్కడిది? ముందు ఆ పత్రం సంగతి చూసుకో, రేపు నీకే ఇబ్బంది" అంటూ పెరుగన్నం వడ్డించుకున్నారు. నిన్న సాయంత్రం నీతి తరగతిలో మొదటి వరసలో కూర్చున్న మనిషి! పత్రం లేకపోతే అసలు వాడనే కూడదు కదా అని అడగాలి నేను.  ఐదేళ్లు నమ్మిన మనిషిని అడగలేక పళ్లెం అక్కడే పెట్టేశాను.

నా పేరు కొట్టేయించి ఇంటికి పోదామని రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరికి పోయాను. ఆ రోజు నేనింకా సంతకం పెట్టలేదు. హాజరు పట్టీ తిప్పి చూస్తే, నా పేరు ఎదుట ఖాళీగా ఉండాల్సిన గడిలో వేలిముద్ర ఉంది.

అంతా పీజీలు, డాక్టరేట్లు చేసినవాళ్లు వచ్చిన చోట వేలిముద్ర ఎవరు వేస్తారు? టేబుల్ మీద స్టాంప్ ప్యాడ్ కూడా లేదు. ముద్ర గోధుమ రంగులో ఉంది. బొటనవేలిదైతే వెడల్పుగా ఉండేది, ఇది సన్నగా ఉంది. మధ్యలో అడ్డంగా తెల్లటి గీత.

టేబుల్ దగ్గర ఉన్నది మా డిపార్ట్‌మెంట్ పీజీ అమ్మాయి. "మీ అమ్మమ్మనే కదా మేడం? పదిన్నరకు వచ్చింది. ఎవరి కోసం వచ్చినవ్ అవ్వా అంటే ఏం మాట్లాడలే. పట్టీ మీద వేలు పెట్టి మీ పేరు చూపించింది. నేనే తీస్కపోయి ఆఖరి వరసల కూసోబెట్టిన. చాయ్ సుత ఇచ్చిన."

ఆ పట్టీ మొత్తం ఇంగ్లీషులో ఉంది. అవ్వకు వచ్చినవి పోరాటం నాటి సంఘం వాళ్ల రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు తెలుగు అక్షరాలే. ఆఖరి వరసకు పోయి చూశాను. మూల కుర్చీ కింద కాగితం కప్పు. నిండా చాయ్, పైన మీగడ కట్టి ఉంది.

ముసలామె ఇంత దూరం ఎట్లా వచ్చిందని కంగారుపడి కోడలికి ఫోన్ చేశాను.

"ఏం మాట్లాడుతున్నవమ్మా? మా అత్త నిన్న పొద్దుగాల్లనే పాయె. నిన్ననే మట్టి జేసినం. నీకు మూడుసార్లు ఫోన్ జేస్తె ఎత్తకపోతివి."

చూస్తే నిజమే. తరగతిలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి మరిచాను. ముందు రోజు పది దాటాక వరసగా మూడు మిస్డ్ కాల్స్. అప్పుడు నేను సార్‌కు పెన్‌డ్రైవ్ అందిస్తున్నాను.

ఫోన్ పట్టుకునే రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరికి తిరిగి పోయాను. ఆ అమ్మాయికి నా ఫోన్‌లో ఉన్న అవ్వ ఫొటో చూపించాను. ఈమేనంది. ముసలామెను కూర్చోబెట్టొచ్చాక టేబుల్ వదలని పిల్ల, లోపల స్లైడ్లు చూసే వీలు లేదు. వేరే ఎవరో ముసలామె వచ్చిందేమో, ఎవరో నాతో ఆడుకున్నారేమో అని అన్ని రకాలుగా ఆలోచించాను. ముద్రను పోల్చి చూద్దామంటే, వేలు పెట్టాల్సి వస్తుందని పింఛన్ కూడా వదులుకున్న మనిషి, ఆమె ముద్ర ఎక్కడా దొరకదు. పట్టీని మాత్రం ఫొటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

సార్ ప్రసంగం దినపత్రికలో పడింది, అవ్వ పేరుతో సహా. ఆ ఏడాది స్తూపం దగ్గర ఎవరూ ఆమెను తలుచుకోలేదట. నేను ఊరికి పోతే కోడలు గడపలోనే నిలబెట్టింది.

"నిన్ను బిడ్డ అనుకున్నది గదమ్మా. గిట్లెట్ల జేస్తివి?"

చేసింది మా సార్ అని నోటి దాకా వచ్చింది. అవ్వ చెయ్యేసింది సార్ చేతిలోనా?

ఆ డిగ్రీ వదిలేశాను. నేను మోసపోయానని చాలామందికి చెప్పుకున్నాను, వాళ్లు అయ్యో అన్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఫొటో తీసి చూస్తాను. పట్టీలో సార్ పేరు మొట్టమొదట ఉంది. అవ్వ దాన్ని దాటింది. ఇంకా ఎన్నో పేర్లు దాటి కిందికొచ్చి, నా పేరు దగ్గర వేలు పెట్టింది. మట్టిలో ఉన్న మనిషి అక్కడికి ఎట్లా వచ్చిందో, రాని అక్షరాలు ఎట్లా చదివిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎవరిని చూపించాలో మాత్రం ఆమె పొరపాటు పడలేదు.