ఒక్క చుక్క కూడా కారని మా డాబా

నాందేడ్‌లో వానకు ఇల్లు కురవడం పెద్ద వార్తేం కాదు. కానీ కప్పు నుంచి ఒక్క చుక్క కారకుండానే ఇల్లంతా నీళ్ళతో నింపిన ఘనుణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. ఎలా చేశానో చెబుతాను, మీరు మాత్రం చేయకండి.

అప్పటికి మా ఇల్లు కొత్తది, నా తెలివీ కొత్తదే. ముందటేడు వెనక గది కప్పు కారింది. ఆ ఏడు మళ్ళీ ఆ గదిలోనే మా ఆవిడ సుజాత కుర్డయిల బుట్టలు పెట్టింది. కుర్డయిలంటే గోధుమపాలతో వత్తే వడియాలు. దెగ్లూర్ నుంచి వచ్చి పక్కింట్లో ఉంటున్న అత్తమ్మతో కలిసి ఎండాకాలమంతా కష్టపడి ఎండబెట్టింది. ఏడాదంతా అవే మాకు ఆధారం.

"వానలు రాకముందే మేస్త్రిని పిలువుండ్రి. ఇవి తడిస్తె నా కష్టమంత మన్నుల కలుస్తది," అంది.

"డాంబర్ పూసుడుకు మేస్త్రి ఎందుకు? నేను లేనా?"

"మీరున్నరనే నాకు భయం."

డాంబరు డబ్బాతో డాబా ఎక్కి పగుళ్ళన్నీ పూశాను. మూలన పడేసిన ఇటుకలు జరిపితే పిట్టగోడ అడుగున చేయి పట్టేంత కన్నం కనబడింది. చుట్టూ గోడకు పాత చెమ్మ మరకలున్నాయి. దొంగ దొరికాడనుకుని పాత లుంగీ కుక్కి, పైన డాంబరు దట్టంగా మెత్తాను. అది వాన నీళ్ళు బయటికి పోయే తూమని మీకు ఈపాటికి తెలిసిపోయింది. ఆ రోజు మీరు మా డాబా మీద లేకపోవడం నా దురదృష్టం.

అంతటితో ఆగినా బాగుండేది. డాంబరు ఆరేదాకా జాగ్రత్త అని బుట్టలన్నీ తెచ్చి ముందు గదిలో, డాబా మీదికెళ్ళే మెట్ల మొదట్లో పెట్టాను.

"గాడ ఎందుకు పెడ్తున్నరు?"

"ఇంట్ల గింత మంచి జాగ ఇంకోటి లేదు. నువ్వు ఊకో."

మరునాడు వాన దంచికొట్టింది. ఇద్దరం వెనక గదిలో నిలబడి కప్పు చూశాం. పొడిగా ఉంది.

"నిజమే, ఒక్క బొట్టు కారుతలేదు," అంది సుజాత. పెళ్ళయ్యాక ఆమె నన్నలా మెచ్చుకోలుగా చూడటం అదే మొదటిసారి. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సుజాత కిటికీలోంచి పక్కింటి అత్తమ్మకూ ఆ మాటే కేకేసి చెప్పింది.

అంతలో ముందు గదిలో గలగల చప్పుడైంది. వెళ్ళి చూస్తే, డాబా నిండి, మెట్ల తలుపు గడప దాటి, నీళ్ళు పెళ్ళివారిలా దర్జాగా మెట్లు దిగుతున్నాయి. బుట్టల్లో కుర్డయిలు నాని ఉబ్బిపోయాయి. పైకి పరుగెత్తి లుంగీ పీకి వచ్చేసరికి సుజాత వాటి ముందు చతికిలబడి ఉంది. నిజంగా సిగ్గేసింది నాకు.

అప్పుడే గోడ అవతలి నుంచి అత్తమ్మ కేక వేసింది. "మా ఇల్లు కురుస్తున్నది బిడ్డా! మీది కురుస్తలేదంటివి, ఎవ్వరు చేసిండ్రు?"

"మా ఆయననే చేసిండు అత్తమ్మా," అంది సుజాత నెమ్మదిగా. "కావాల్నంటె పంపిస్త. జర మీ కుర్డయిలు ముందుగాల అటక మీద పెట్టుకోండ్రి."

తడి మెట్ల మీద నిలబడి అక్కడికక్కడే ప్రమాణం చేశాను. ఇకమీదట వాన నీరు ఏ దారిన పోతానంటే ఆ దారినే చేతులు కట్టుకుని సాగనంపుతాను. గోడలో ఏ కన్నం కనబడినా, అది నాకంటే తెలివైనదని ఒప్పుకుని పక్కకు తప్పుకుంటాను.