అమ్మ రక్తం రంగు

రాయగడ ఆసుపత్రి క్వార్టర్ల పిల్లలూ, ల్యాబ్ కిటికీలో ఉండే ఆ గోధుమరంగు గాజుకడ్డీ గుర్తుందా? ఇవాళ డికాషన్ గ్లాసుని వెలుగుకి పెట్టి చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

అక్కడ రక్తపరీక్షలు చేసేది మా నాన్నే. గొట్టంలో యాసిడ్‌కి రక్తం కలిపితే గోధుమరంగుకి తిరిగేది. ఆ రంగు పక్కనున్న గాజుకడ్డీ రంగుతో కలిసేదాకా చుక్కచుక్కగా నీళ్లు వేసేవాడు. రక్తం ఎంత చిక్కనైతే వెలుగుని అంత ఆపుతుంది, అంత ఎక్కువ నీళ్లు పడతాయి.

తమ్ముడు పుట్టాక అమ్మ మంచం దిగలేదు. ఆ రోజు అమ్మ రక్తం యాసిడ్‌లో కలిపి చూసిన నాన్న, తన కళ్లని తనే నమ్మలేక నన్ను పిలిచాడు.

"సూడే అమ్మీ, రెండూ ఒకే రంగేటి?"

"కాదు నాన్నా, అమ్మదే పల్సగుంది. ఇంక నీళ్లెయ్యకు నాన్నా, నీళ్లెయ్యకు!"

నాన్న నీళ్లు నిండుగా ఉన్న డ్రాపర్‌ని ఎత్తి చూపించాడు.

"నానింకా ఒక్క సుక్కా ఎయ్యనేదే అమ్మీ."