చూశాడా, చూడలేదా

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది, విన్న మాట గడప దాటకూడదన్నదే మొదటి షరతుగా ఉన్న పనికి పేరిచ్చి వచ్చానంటే మా ఆయన పొలమారేదాకా నవ్వారు. ఇప్పుడిది రాస్తున్నానంటే ఇందులో ఉన్న ఇద్దరూ పేర్లు లేకుండా రాసుకోమన్నారు కాబట్టే. లేకపోతే ఈపాటికి నా పొట్ట పగిలి ఉండేది.

పని ఇదీ. ఫిల్మ్‌నగర్ బస్తీలో కమ్యూనిటీ హాలు మేడమీద కొందరం వాలంటీర్లం కలుస్తాం. ఒకరివల్ల ఇంకొకరికి నష్టం జరిగితే, ఇద్దరూ ఒప్పుకుంటే, కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. తీర్పు చెప్పం. క్షమించమని ఎవరినీ అడగం. ఏం జరిగిందో, దాన్నెలా సరిచేసుకోవాలో వాళ్లే తేల్చుకోవాలి. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒక రబ్బరు బంతి చేతులు మారుతుంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. యూసుఫ్‌గూడ బడిలో టీచరుగా "సారీ చెప్పు, చేతులు కలుపు" అంటూ తగాదాలు చిటికెలో తెంచేసిన నాకు ఈ మూసుకోవడమే కష్టం.

ఆ ఆదివారం సమావేశం నడిపే బాధ్యత మొదటిసారి నాకిచ్చారు. పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎక్కిన ఆటో అతన్ని తొందరపెట్టి, అందరికంటే ముందు చేరుకున్నాను. కుర్చీలు వేశాను, నచ్చక తీశాను, మళ్లీ వేశాను.

వచ్చినావిడ డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమాల్లో అమ్మలకూ అత్తలకూ గొంతు ఇస్తుంది. విజయవాడ వైపు మనిషి, ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఒక అపార్ట్‌మెంటులో ఉంటోంది. ఆమె పై అంతస్తులో ఉండే యువకుడు అసిస్టెంట్ డైరెక్టరు. షేక్‌పేటలో పుట్టి పెరిగినవాడు. మొదటిసారి సొంతంగా సినిమా తీసే అవకాశం వచ్చిన రోజు, ఆ సంబరంలో స్నేహితులతో కలిసి మెట్ల మొదట్లోనే వెయ్యివాలా టపాకాయల దండ అంటించాడు. సరిగ్గా అప్పుడే ఆమె మెట్లు దిగుతోంది. ఒక చెవి దిబ్బడ వేసింది. ఆ చెవి ఇంకా బాగుపడలేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒకటే హోరు. వైద్యం సంగతి అతని ఇంట్లోవాళ్లు చూశారు. ఆమె వచ్చింది అందుకు కాదు.

సమావేశానికి ముందు నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "చెవి పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయానండీ. అతను నా వైపే తిరిగి ఉన్నాడు. చూశాడా, చూడలేదా? పొగలో చూసుండడులే, వదిలెయ్యమంటారు అందరూ. చూసి కూడా రాలేదేమో అనుకుంటూ రోజూ అతన్ని దాటుకుని ఆ మెట్లెక్కడం నావల్ల కావట్లేదు. ఇవాళ అది తేలకపోతే ఇల్లు ఖాళీ చేసేస్తాను."

అందరం కూర్చున్నాం. బంతి ముందు అతనికిచ్చాను. లేచి నిలబడ్డాడు.

"అమ్మా! ఆ రోజు పేలింది టపాకాయ కాదు, నా పొగరు. ఎన్నో పాత్రలకు ప్రాణం పోసిన మీకు..." అని ఆగాడు. "నిశ్శబ్దాన్ని కానుకగా ఇచ్చిన పాపిని నేను!"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. తోటి వాలంటీరు ఒకాయన ముక్కు చీదుకున్నాడు. నేనైతే లోలోపల గంతులేస్తున్నాను. మొదటి సమావేశమే గెలిచేశాను! చప్పట్లు కొట్టకుండా చేతులు ఒళ్లో బిగించి పెట్టుకున్నాను.

ఆమె బంతి అందుకుంది. "బాగా రాసుకున్నావు బాబూ. ఇలాంటివాటికి మైకు ముందు ఎన్నిసార్లు ఏడ్చానో. 'మీకు' అన్నాక ఆగావు చూడు, అక్కడ క్లోజప్ పడాలి."

అతని ముఖం కందిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంత మంచి క్షమాపణకి వంక పెడుతుందేమిటీవిడ, అని నోరు తెరవబోయాను. బంతి నా చేతిలో లేదు.

"అదలా ఉంచు. నాకు ఏ చెవి పోయిందో చెప్పు," అని బంతి తిరిగి అతని చేతిలో పెట్టింది.

అతను ఆమె కుడిచెవి వైపు చూశాడు. ఎడమచెవి వైపు చూశాడు. రెండిటికీ ఒకే రకం దుద్దులు. కింద హాల్లో ఎవరిదో ఫంక్షన్, మైకు పట్టుకుని హలో హలో అంటున్నారు. ఏదో ఒకటి అనమని తోటి వాలంటీరు నాకు కళ్లతో సైగ చేశాడు. నా నోరు ఎలా ఆగిందో దేవుడికే తెలియాలి.

"తెల్వదు ఆంటీ," అన్నాడు చివరికి. ఇందాకటి గొంతు కాదది, ఇంట్లో మాట్లాడుకునే గొంతు. "అడుగుదామనుకున్న. అడిగితే మీరు గదే అడుగుతరని భయమైంది."

"ఏది?" బంతి లేకుండానే అడిగేసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"నేను చూసిన. మీరు చెవి వట్టుకొని కూసున్నరు, నేను చూసిన. స్టేటస్ పెట్టనీకి వీడియో తీస్తున్న. ఆపితే మస్తీ అంత ఖరాబైతదని ఫోన్ గటు తిప్పిన. ఎవరన్న లేపుతరు తియ్ అనుకున్న. గప్పటి సంది మీరు ఎదురైతే ఫోన్ చూస్కుంట పోతున్న."

ఇప్పుడామె లేచి వెళ్లిపోతుంది, అంతా నా చేతుల మీదుగా నాశనమైంది అనుకున్నాను.

"చూశావు," అందామె. "చూశావన్నమాట." బిగుసుకున్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. "లేనిపోనిది ఊహించుకుంటున్నానని ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను బాబూ." తర్వాత నా వైపు తిరిగి, "ఖాళీ చేస్తానని ఓనరుకి ఫోన్ చెయ్యనులెండి," అంది.

నాకు లేచి ఎగరాలనిపించింది. అతను చెప్పింది ఎంత చెడ్డ సంగతి! అది విని ఆమె ముఖం తేటపడింది. నా అన్నేళ్ల ఉద్యోగంలో పిల్లల చేత చెప్పించిన సారీలన్నీ కలిపినా ఇంత పని చేసి ఉండవు.

అతను బంతిని నలుపుతూ, తల దించుకుని ఏదో అన్నాడు. మరీ చిన్న గొంతు. ఆమెకి ఎడమవైపు కూర్చున్నాడు, అక్కడ కుర్చీ వేసింది నేనే. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కుర్చీ తీసుకుని ఇటు రా," అని కుడిపక్కన చోటు చూపించింది. "ఈ చెవి వినపడుతుంది. ఇందులో చెప్పు."