ఓబలప్ప ఎడమ చెయ్యి

నాగరత్న వేళ్లు చూసి, బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేట ఆడవాళ్లు ముగ్గులు పెట్టడానికే పుట్టాయనేవారు. ఆవిడేమో, గని ఆఫీసు గుమాస్తా కూతురై ఉండి, డాక్టరై మెడికల్ కాలేజీలో ఇరవై ఏళ్లు శవాల భుజాల్లోంచి సన్నటి నరాలను ఒక్కటీ తెగకుండా విడదీస్తూ కూర్చుంది! తెగిన చేతుల మొండిలో ముద్దకట్టి నొప్పెట్టే నరానికి ఆపరేషన్ జిల్లాలో మొదట చేసింది ఆవిడే. లేని చెయ్యి నొప్పెడుతోందంటే అందరూ నవ్వేవారు, ఆవిడ నవ్వేది కాదు. అందుకే జనం వెతుక్కుంటూ వచ్చేవారు.

గనులు మూసిన మూడో ఏడు ఓబలప్ప వచ్చాడు. ఎప్పుడో గని అడుగున బండ విరిగిపడి అతని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తెగిపోయింది. పక్కనే పనిచేస్తున్న జయరాం ఆ బండ కిందే ఉండిపోయాడు. శవం పైకి రాలేదు, ఓబలప్ప చెయ్యీ రాలేదు.

“పిడికిలి బిగుసుకొని ఉండాదమ్మా. విప్పేదానికి కాదు. నిద్ర లేక చస్తాండాను.”

“ఎప్పటినుంచయ్యా?”

“నొప్పి అప్పట్నుంచే. చలి మాత్రం కొత్త. గనిలో పంపులు ఆపినారు గదా, ఇంగ నీళ్లు పైకొచ్చినాయి. పోయిన ఉగాదికి ఆ కిందుండే చెయ్యి తడిసింది.”

బయట ఎండ మండిపోతోంది. ఇదంతా మెదడు చేసే మాయేనని నాగరత్న తనకు తానే చెప్పుకుంది. చీటీలో ‘నొప్పి’ అని రాసింది, ‘చలి’ అని రాయలేదు. భయమేసింది మరి, అంత చదువు చదివి కూడా!

మర్నాడు ఆ నరం చివర కోసి కండలో దాచేసింది. గంటలో పని అయిపోయింది.

వారానికి కట్టు విప్పించుకోవడానికి మొగుడూ పెళ్లామూ వచ్చారు. “పండుకుంటే గురకే తల్లీ, నువ్వు సల్లగుండాల!” అని భార్య రామక్క మురిసిపోయింది. ఓబలప్ప మాత్రం గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకా నొప్పుందా?”

“లేదమ్మా. చెయ్యే లేదు. జయరామూ లేడు.”

“అంటే?”

“బండ పడేటప్పుడు ఆ చేత్తోనే వాని చెయ్యి పట్టుకొనుంటి. వదలొద్దురా అన్నాడు. ఇన్నేండ్లూ వదల్లేదు తల్లీ. ఇప్పుడు ఆ నీళ్లల్లో వాడొక్కడే ఉండాడు.”

“ముందే చెప్పకూడదటయ్యా!”

“మీరు అడగలేదు గదమ్మా.”

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆవిడ కత్తి పట్టింది. మత్తు ఇచ్చే ముందు ప్రతిసారీ రోగి పక్కన కూర్చుని, “ఆ చేత్తో ఏం పట్టుకున్నావు?” అని అడిగేది. ఏమీ లేదనేవారే ఎక్కువ. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆపరేషన్ వద్దని బల్ల దిగి వెళ్లిపోయారు. ఆవిడ వాళ్లను ఆపలేదు.