క్యూలో మిగిలిన ఆ ఒక్క మెయిల్

ఈ సాయంత్రం నవ్వలేక నా పొట్ట చెక్కలయింది. మా చర్చి క్వయర్ పెద్ద ప్రభాకర్ మావయ్య, అనకాపల్లి వదిలి వెళ్లిన సంఘస్తులందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు ఈమెయిల్‌లో పంపమన్నారు. నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్ సర్వర్‌లో పెట్టాను. అన్నీ ఒకేసారి వెళ్లవు కదా, క్యూలో నిలబడి కొన్ని కొన్నిగా కదిలాయి. క్యూలో అంకె తగ్గినప్పుడల్లా, చూడ్డానికి వచ్చిన క్వయరంతా చప్పట్లు!

చివరికి ఒక్కటి మిగిలిపోయింది.

"ఇదొక్కటీ ఎల్లట్లేదేటిరా?" అన్నారు మావయ్య.

"అవతల తీసుకోవట్లేదు మావయ్యా. కాసేపాగి సర్వరే మళ్లీ పంపుతాది."

"క్యారల్స్‌కెళ్లినప్పుడు మనం సేసేదీ అదే కదరా! తలుపు తియ్యని ఇంటికి మళ్లీ ఎల్తాం. అందుకోండర్రా పాట!"

అందరూ మానిటర్ వైపు తిరిగి, టాంబరిన్ వాయిస్తూ ఎత్తుకున్నారు. పక్కనున్న టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కూడా వచ్చి గొంతు కలిపారు. మెయిల్ మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆగిపోయింది. అప్పుడు అడ్రసు చూశాను.

అది మావయ్యదే! తనకీ ఒకటి రావాలని లిస్టులో తన అడ్రసూ రాసిచ్చారు. పోయినేడాది క్యారల్స్ ఫోటోలన్నీ తనకు తానే పంపుకుని, మెయిల్‌బాక్స్ నింపేసి కూర్చున్నారు.

ఇంతసేపూ ఆయన తన తలుపు ముందే నిలబడి పాడారన్నమాట. మీ మెయిల్‌బాక్స్‌లో చోటుందో లేదో ఇప్పుడే చెప్పండి. లేదంటే క్వయర్ బయల్దేరుతుంది!